నురుగు ఇటుక

వ్యర్థమైన శ్రమను గూర్చి చెప్పవలసివచ్చినప్పుడు తెలుగువారు "బూడిదలో పోసిన పన్నీరు" అందురు. ఈ సామెత పన్నీటిపై జాలి చూపునదే కాని, బూడిదపై చూపునది కాదు. అయినను పల్లెటూరి ఇల్లాలికి బూడిద ఎన్నడును పనికిమాలిన వస్తువు కాలేదు. పొయ్యిలోని బూడిదతో ఆమె ఇత్తడి పాత్రలు తోమెడిది. పేనుబంక పట్టిన చిక్కుడు పాదుపై చల్లెడిది. విత్తనములలో కలిపి కుండల కెత్తెడిది. మిగిలినది పెంటకుప్పలో పడి పొలమునకు ఎరువయ్యెడిది. ఒక పొయ్యినుండి దినమునకు వచ్చునది చేటెడు బూడిద. ఆ చేటెడు బూడిదకు పని చెప్పుట కష్టము కాదు.

థర్మల్ విద్యుత్కేంద్రపు సంగతి వేఱు. 500 మెగావాట్ల శక్తిగల ఒక్క యంత్రము నిండుగా నడచినచో దినమునకు సుమారు 8 వేల టన్నుల బొగ్గును కాల్చివేయును. మన దేశపు బొగ్గులో మట్టిపాలు ఎక్కువ. పూర్వయుగములలో చెట్టుచేమలు ప్రవాహములలో కొట్టుకొనివచ్చి, ఒండ్రుమట్టితో కలిసి పూడిపోయి ఈ బొగ్గుగా మాఱినవి. ఆనాటి ఒండ్రు నేటికిని బొగ్గుతోపాటు వెలువడుచున్నది. నూఱు టన్నుల బొగ్గును కాల్చిన 30 మొదలు 45 టన్నుల వఱకు బూడిద మిగులును. అనగా ఆ ఒక్క యంత్రము క్రిందనే ప్రతిదినమును ఇంచుమించు 3 వేల టన్నుల బూడిద పోగగును. దేశమంతటను 2021-22 సంవత్సరములో ఇట్లు వచ్చిన బూడిద సుమారు 27 కోట్ల టన్నులు. దీనికి చిక్కుడు పాదులు చాలవు.

ఈ బూడిద పొయ్యిలోని బూడిదవంటిది కాదు. విద్యుత్కేంద్రములో బొగ్గును ముందుగా మర యందు మెత్తని పిండివలె విసరుదురు. ఆ పిండిని గాలితో కలిపి బాయిలరులోనికి ఊదుదురు. అది గాలిలో తేలుచుండగనే భగ్గున మండిపోవును. బొగ్గులోని మట్టి ఆ వేడికి కరగి, నీటి తుంపరలవలె గుండ్రని బొట్లుగా మాఱి, పొగతో పైకి పోవుచు చల్లబడి గట్టిపడును. బరువైనది కొంత అడుగున రాలును; దానిని అడుగు బూడిద యందురు. నూటికి 80 పాళ్లు మాత్రము పొగతో లేచి పోవునదే. దీనినే ఎగురు బూడిద యనియు, పనివారి మాటలో ఫ్లైయాష్ అనియు వ్యవహరింతురు. సూక్ష్మదర్శినిలో చూచినచో ఇది చిన్న చిన్న గాజుపూసల రాశివలె కనబడును. ఒక్కొక్క పూస ఒక మైక్రాను మొదలు నూఱు మైక్రానుల వఱకు ఉండును. మిల్లీమీటరులో వేయవవంతు ఒక మైక్రాను. కొన్ని పూసలు లోపల బోలుగా నుండి నీటిమీద తేలును.

ఇంత సన్నని బూడిదను పొగగొట్టమునుండి ఊరిమీదికి విడిచిపెట్టరాదు. తలకు రాచిన దువ్వెన కాగితపు ముక్కలను ఆకర్షించుటను పిల్లలందఱును చూచియుందురు. ఆ శక్తితోనే పొగలోని రేణువులను పట్టవచ్చునని 1907వ సంవత్సర ప్రాంతమున అమెరికాలో ఫ్రెడరిక్ కాట్రెల్ అను శాస్త్రజ్ఞుడు చేసి చూపెను. నేటి విద్యుత్కేంద్రములలో పొగ ఎత్తైన లోహపు పలకల నడుమ సాగిపోవును. రేణువులు విద్యుదావేశము పొంది పలకల కంటుకొనును. పలకలను సమ్మెటలతో తట్టగా బూడిద క్రింది తొట్లలో రాలును. ఇట్లు రేణువులలో నూటికి 99 పాళ్లకు పైగా చిక్కును.

చిక్కిన తరువాత ఏమి చేయవలెను? చాలకాలము దానిని నీటితో కలిపి బురదగా చేసి, గొట్టముల ద్వారా పంపి, గట్లు పోసిన విశాలమైన చెఱువులలో నింపిరి. రామగుండము, కొత్తగూడెము, విజయవాడయొద్ద ఇబ్రహీంపట్నము, కడప జిల్లాలో ముద్దనూరు ప్రాంతము, విశాఖపట్నమునొద్ద సింహాద్రి: తెలుగు నేలపై బొగ్గుతో విద్యుత్తు పుట్టినచోట నెల్ల బూడిద చెఱువులును పుట్టినవి. ఆ చెఱువులో చేప పెరుగదు; దాని నీరు పైరునకు పాఱదు. ఎండకాలము వచ్చి పైపొర ఆఱినంతనే గాలికి బూడిద లేచును. ఆరవేసిన బట్టలపై, పశువుల మేతపై, కూడుగిన్నెలలో అదియే. ఊపిరితో లోనికి పోయిన రేణువు తేలికగా వెలుపలికి రాదు. బూడిదలో స్వల్పముగానున్న ఆర్సెనిక్, సీసము వంటివి మెల్లగా బావినీటిలోనికి ఊరు ప్రమాదమును కలదు. గట్టు తెగిన చెప్పవలసినదే లేదు. 2020 ఏప్రిల్ నెలలో మధ్యప్రదేశములోని సింగ్రౌలి ప్రాంతమున ఒక బూడిద చెఱువు గట్టు తెగి, బురద పొలములమీదుగా పాఱగా, అందులో చిక్కుకొని ఆఱుగురు ప్రాణములు కోల్పోయిరి.

ఇన్ని బాధలకును మూలము బూడిదయొక్క సన్నదనమే. ఇసుకవలె ముతకగా నున్నచో అది ఎగిరెడిది కాదు. చిత్రమేమనగా, దానిని మేలైన గృహనిర్మాణ సామగ్రిగా చేయునదియు ఆ సన్నదనమే. ఈ సంగతిని తెలిసికొనుటకు రోము నగరము వఱకు పోయి రావలెను.

ఇటలీ దేశములో నేపుల్సు నగరమునకు సమీపమున పొజ్జువోలి అను ఊరు కలదు. అచ్చటి నేల అగ్నిపర్వతపు బూడిదతో నిండినది. ఆ బూడిదను సున్నముతో కలిపి కట్టిన కట్టడము నీటిలోగూడ గట్టిపడునని ప్రాచీన రోమనులు గ్రహించిరి. క్రీ. శ. 126 ప్రాంతమున రోములో పూర్తియైన పాంథియాన్ దేవాలయపు గుమ్మటము ఇట్టి కాంక్రీటుతో కట్టినదే. దాని అడ్డుకొలత 43 మీటర్లకు పైన. లోపల ఇనుప కమ్మి ఒక్కటియు లేదు. ఆ శిల్పులు మఱియొక యుక్తి చేసిరి: గుమ్మటపు అడుగుభాగమున బరువైన రాతిముక్కలను వాడి, పైకి పోయినకొలది తేలిక రాళ్లను వాడి, శిఖరమునొద్ద అగ్నిపర్వతములనుండి వచ్చు బోలురాతిని వాడిరి. ఆ రాయి నురుగు గడ్డకట్టినట్లుండును. బూడిదతో బలము, నురుగుతో తేలికదనము. నేటి నురుగు ఇటుకలోని రెండు సూత్రములును ఆ గుమ్మటములో కలవు.

రోము వఱకు పోనక్కఱలేని సాక్ష్యమును ఉన్నది. పూర్వము మన తాపీపనివారు సున్నమును గానుగలో వేసి ఎద్దులచే త్రిప్పించి నూఱుచు, అందులో బాగుగా కాలిన ఇటుకల పొడిని కలిపెడివారు. ఎందులకని అడిగిన "పట్టు వచ్చును" అని మాత్రము చెప్పెడివారు. ఆ పట్టునకు కారణమును రసాయనశాస్త్రము విప్పిచెప్పినది. కాలిన మట్టియందును, అగ్నిపర్వతపు బూడిదయందును, బొగ్గు బూడిదయందును సిలికా, అల్యూమినా అను పదార్థములు చుఱుకైన స్థితిలో నుండును. తడి తగిలినప్పుడు అవి సున్నముతో కూడి రాయివంటి క్రొత్త పదార్థముగా మాఱును. సిమెంటు నీటితో కలిసి గట్టిపడునప్పుడు కొంత సున్నము విడిగా మిగిలిపోవును. ఉత్త సిమెంటులో ఆ సున్నము వలన బలము లేదు. వాననీటికి కరగి తెల్లని చారలుగా గోడపైకి వచ్చును. బూడిద కలిపినచో ఆ మిగులు సున్నమును అది పట్టుకొని పనిలో పెట్టును. రేణువు ఎంత సన్ననిదైన అంత త్వరగా ఈ కలయిక జరుగును. బియ్యపుగింజకంటె బియ్యపుపిండి త్వరగా ఉడికినట్లే యిదియు. అమెరికాలో 1953లో పూర్తియైన హంగ్రీ హార్స్ ఆనకట్టకు ఈ బూడిదను విస్తారముగా వాడిరి. మన దేశములో 1962లో పూర్తియైన రిహాండ్ ఆనకట్టయందును కొంత సిమెంటునకు బదులుగా బూడిదను కలిపిరి.

ఇక నురుగు మాట. మామూలు కాంక్రీటు ఘనమీటరు బరువు సుమారు 2,400 కిలోలు. గోడ తన బరువును తాను మోసికొనిన చాలునన్నచోట గూడ ఇంత బరువైన పదార్థమును వాడుట దండుగ. 1920 తరువాతి యేండ్లలో స్వీడను దేశమున ఆక్సెల్ ఎరిక్సన్ అను వాస్తుశిల్పి సున్నపు ముద్దలో అల్యూమినియపు పొడి వేసి, అందు పుట్టిన వాయువుచే ముద్దను పొంగించి, ఆవిరిలో ఉడికించి తేలిక దిమ్మెలు చేసెను. పులిసిన ఇడ్లీపిండిని ఆవిరిపై ఉడికించుటకును దీనికిని చాల పోలిక కలదు. కాని దీనికి అధిక పీడనముతో ఆవిరి నింపు పెద్ద ఉక్కు పాత్రలు కావలెను; అవి గొప్ప కర్మాగారములకే చెల్లును. నురుగు కాంక్రీటులో ఆవిరి పని లేదు. వాయువు లోపల పుట్టదు. నురుగును విడిగా చేసికొని ముద్దలో కలుపుదురు. కావుననే చిన్న పట్టణముల పొలిమేరలలోని ఇటుకల ఆవరణములలోగూడ దీనిని చేయగలుగుచున్నారు.

చేయు విధమిది. ఒక పాలు సిమెంటునకు సుమారు రెండుపాళ్లు ఎగురు బూడిదను చేర్చి, కొందఱు కొంచెము సన్నని ఇసుకను గూడ చేర్చి, నీటితో గుండ్రని పీపాయంత్రములో త్రిప్పుదురు. గచ్చకాయలవంటి కంకర ముక్కలకు ఇందు చోటు లేదు. మఱియొక ప్రక్క నురుగు యంత్రము నడచుచుండును. పశువుల గిట్టలు, కొమ్ములు మొదలగువానినుండి తీసిన మాంసకృత్తుల ద్రవమును గాని, రసాయనికముగా తయారుచేసిన ద్రవమును గాని నీటిలో కలిపి, ఒత్తిడిగల గాలితో సన్నని గొట్టముద్వారా చిమ్మగా తెల్లని నురుగు బయటికి వచ్చును. కుంకుడు రసపు నురుగు వంటిదే యిది. అయితే బుడగలు మిక్కిలి చిన్నవి, త్వరగా చితుకవు. అరచేతిలో పట్టి తలక్రిందులు చేసినను జాఱని నురుగు మంచి నురుగు. లీటరు నురుగు బరువు నూఱు గ్రాములలోపే. దీనిని ముద్దలో కలిపినప్పుడు పీపాలోని ముద్ద కన్నులయెదుటనే ఉబ్బి పైకి వచ్చును.

ఇక్కడనే పనివాని నేర్పు తెలియును. ముద్ద పలుచనైనచో బుడగలు పైకి తేలి, బూడిద అడుగు పట్టును. ముద్ద గట్టిదైనచో అది బుడగలలోని నీటిని పీల్చుకొని వానిని పగులగొట్టును. అట్టుపిండి జారును గుర్తించు ఇల్లాలివలె మేస్త్రీ ఈ జారును గుర్తింపవలెను. అయితే కంటిచూపును మాత్రమే నమ్మరాదు. ప్రతి వాయిలోను ఒక కొలపాత్రను నింపి తూచి చూడవలెను. బరువు ఎక్కువైన నురుగు చాలలేదన్నమాట, తక్కువైన ఎక్కువైనదన్నమాట. తూకమును మానిన ఆవరణములో ఒకే వరుసలోని రెండు దిమ్మెలు ఒకే బలముతో నుండవు.

బూడిదయొక్క సన్నదనము ఇచ్చట రెండవమాఱు అక్కఱకు వచ్చుచున్నది. నురుగు కాంక్రీటు యొక్క బలమంతయు బుడగకును బుడగకును నడుమనున్న పలుచని గోడలలో నున్నది. ముతక ఇసుక రేణువు ఆ గోడలో ఇమడదు. బుడగను పొడిచి, ప్రక్క బుడగతో కలిపివేయును. పెద్ద బుడగలున్న దిమ్మె త్వరగా నలుగును. బూడిద పూసలు ఆ పలుచని గోడలలో ఒదిగి, ప్రతి బుడగకును చుట్టును సమమైన పొర కట్టును. మదరాసులోని భారత సాంకేతిక విద్యాసంస్థలో నంబియార్, రామమూర్తి అను పరిశోధకులు 2006లో ప్రకటించిన ఫలితములును దీనినే చెప్పినవి. ఇసుకకు బదులు బూడిదను వేసినచో, అదే బరువుగల దిమ్మెకు ఎక్కువ బలము వచ్చెను.

అయితే బూడిద యంతయు ఒక్కటి కాదు. బాయిలరులో బొగ్గు సరిగా మండకున్న బూడిదలో నల్లని బొగ్గుపొడి మిగిలిపోవును. జిడ్డుతలపై కుంకుడు రసము ఎంత పోసినను మొదట నురుగు రాదు. అట్లే ఈ బొగ్గుపొడి నురుగు ద్రవమును పీల్చివేసి బుడగలను చంపును. ఉదయము వచ్చిన లారీ బూడిదతో చక్కగా పొంగిన ముద్ద, సాయంకాలపు లారీ బూడిదతో చతికిలబడుట కలదు. దోషమును నురుగు ద్రవముపై మోపి అదనముగా పోయువారే ఎక్కువ. చిటికెడు బూడిదను కాల్చి బరువు తగ్గుదలను చూచిన నిజము తెలియును. తగ్గుదల నూటికి 5 పాళ్లు దాటిన బూడిదను భారతీయ ప్రమాణములు అంగీకరింపవు.

అచ్చులలో పోసిన ముద్ద ఒక రాత్రి గడచిన తరువాత విప్పుటకు వచ్చును. అంతటితో పని తీరదు. బూడిదకును సున్నమునకును జరుగు కలయిక మెల్లనిది. దిమ్మెలను మూడు నాలుగు వారములు తడిగా నుంచవలెను. ఉత్త సిమెంటు దిమ్మె 28 దినములలో తన బలములో అధికభాగమును సంపాదించుకొనగా, బూడిద కలిసిన దిమ్మె మూడవ నెలలో గూడ బలపడుచునే యుండును. ఎండకు నీరు చిలుకరింపక, వారము తిరుగకముందే బండి కెత్తించిన దిమ్మెలు దారిలోనే మూలలు రాల్చుకొనును. తరువాత బూడిద ఇటుక మంచిది కాదను అపవాదు ఊరంతయు వ్యాపించును. అది బూడిద దోషము కాదు, తొందరపాటు దోషము.

ఇట్లు చేసిన దిమ్మె ఘనమీటరు బరువు కోరినట్లుగా 800 మొదలు 1,800 కిలోల వఱకు ఉండవచ్చును. 2008లో ప్రకటించిన భారతీయ ప్రమాణమున ఈ తరగతులు చెప్పబడినవి. 800 తరగతి దిమ్మె నీటికంటె తేలిక. తొట్టిలో వేసిన చెక్కవలె తేలును. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల మందముగల గోడ నొకదానిని తీసికొందము. ఎఱ్ఱ ఇటుకతో కట్టిన అది ఇంచుమించు 3,400 కిలోలు తూగును. ఘనమీటరునకు 900 కిలోల నురుగు దిమ్మెతో కట్టిన సుమారు 1,620 కిలోలు మాత్రమే తూగును. ఒక్క గోడకే ఇంత భేదమైనప్పుడు, పదియంతస్తుల మేడకు స్తంభములలోను పునాదిలోను ఎంత ఇనుము, ఎంత సిమెంటు తగ్గునో లెక్క వేసికొనవచ్చును. భూకంపము వచ్చినప్పుడు కట్టడమును ఊపు బలము దాని బరువును బట్టి యుండును. కావున తేలికగోడ అప్పుడును మేలు. బుడగలలో చిక్కిన కదలని గాలి వేడిని త్వరగా లోనికి రానీయదు. రామగుండపు వేసవిని ఎఱిగినవారికి ఈ గుణమును విప్పి చెప్పనక్కఱలేదు.

నురుగు కాంక్రీటు ముద్ద నీరువలె తనంతట పాఱునది గనుక, మనుష్యుడు దూఱలేని బొఱియలను గూడ నింపును. ఇంగ్లండులో బాత్ నగరమునొద్ద కోంబ్ డౌన్ అను గ్రామము పాత రాతిగనులపై నిలిచియుండి క్రుంగు స్థితికి వచ్చెను. ఆ గనులను నురుగు కాంక్రీటుతో నింపి ఊరిని నిలిపిరి. ఆ గనులలో వ్రేలాడు గబ్బిలములకు మాత్రము ప్రత్యేకముగా దారులు విడిచిరి.

దీనికి హద్దులును కలవు. తేలికదనము ఊరక రాలేదు. బలము నిచ్చి కొనుకొన్నది. 800 తరగతి దిమ్మె చదరపు సెంటీమీటరునకు సుమారు 25 కిలోల ఒత్తిడిని మాత్రమే సహింపవలెనని ప్రమాణము. అది స్తంభముల నడుమ అడ్డుగోడకు చాలును. కప్పును మోయు గోడకు చాలదు. ఆఱునప్పుడు మామూలు కాంక్రీటుకంటె ఎక్కువగా ముడుచుకొనును. కావున పచ్చి దిమ్మెలతో గోడ కట్టి గచ్చు పూసిన, గచ్చు నెఱ్ఱెలు విచ్చును. వానజల్లు కొట్టు వెలుపలి గోడకు మంచి పూత లేనిచో తడి పీల్చును. బరువైన అలమారను దానికి ఉత్త మేకుతో తగిలింపరాదు. ఈ సంగతులు చెప్పక అమ్మువాడు కొనువానికి మేలు చేసినవాడు కాడు.

ఎఱ్ఱ ఇటుకకు మాత్రము వెల లేదా? దానికి కావలసినది పొలపు పైమన్ను. తరతరముల ఎరువుతో సారవంతమైన ఆ మన్నును అప్పుల రైతు ఎకరముల లెక్కన ఇటుకబట్టీలకు అమ్ముకొనును. మిగిలిన గుంట నేలలో పంట పండుటకు ఏండ్లు పట్టును. ఈ మన్నును కాపాడుటకే భారత ప్రభుత్వము 1999 సెప్టెంబరులో ఒక ఉత్తరువు చేసెను. విద్యుత్కేంద్రమునకు 50 కిలోమీటర్లలోపల ఇటుకలు చేయువారు కనీసము నాలుగవవంతు బూడిదను కలుపవలెనని అందు విధించిరి. తరువాత ఆ దూరమును పెంచిరి. 2021 డిసెంబరులో వెలువడిన ఉత్తరువు ప్రకారము విద్యుత్కేంద్రములు తమ బూడిదను మిగులు లేకుండ వినియోగమునకు తేవలెను. తేలేనివారు జరిమానా చెల్లింపవలెను. 2021-22లో వచ్చిన బూడిదలో నూటికి 95 పాళ్లకు పైగా ఏదో యొక పనికి పోయినదని ప్రభుత్వపు లెక్క. అందు పెద్దపాలు సిమెంటు కర్మాగారములది. తక్కినది రోడ్లకు, పల్లపు నేలలు మెఱక చేయుటకు, ఇటుకలకు. నురుగు ఇటుకల పాలు ఆ రాశిలో మిక్కిలి చిన్నది.

ఆ చిన్నపాలునకు గూడ తొట్లలో రాలిన పొడి బూడిదయే కావలెను. సంవత్సరముల తరబడి చెఱువులలో పేరుకొనినది దీనికి పనికిరాదు. అడుగు బూడిదయు ఎగురు బూడిదయు అందు కలిసిపోయి, నీటికి నాని, ఉండలు కట్టి, మొదటి సన్నదనమును కోల్పోయినది. పాత చెఱువులలోని బూడిదను పదేండ్లలో తీసివేయవలెనని 2021 నాటి ఉత్తరువే విధించినది. చెట్లు నాటి స్థిరపఱచిన చెఱువులకు మాత్రము మినహాయింపు కలదు. తీసిన బూడిదతో బొగ్గు త్రవ్వగా మిగిలిన గనుల గుంటలను పూడ్చుచున్నారు. రహదారుల గట్లు పోయుచున్నారు. దానిని తరలించు లారీలపై గుడ్డ కప్పనిచో దారి పొడుగునను బూడిద రాలును. కప్పినను, చెఱువు ఖాళీ యగువఱకు గట్టు ప్రక్క ఊరివారు ఫాల్గుణ చైత్రములలో పడమటి గాలి లేచినంతనే నీళ్లబిందెలపై మూతలు పెట్టుకొనుచునే యుందురు.